నీలి నాలుక: జబ్బు గొర్రెది, మూలం గొడ్ల కొట్టంలో

వానలు ముదిరాక, మూతి వాచి, ముక్కు కారుతూ, మంద వెనక కుంటుతూ వచ్చే గొర్రెను చూడగానే కాపరి దాన్ని విడిగా కట్టేస్తాడు. పిపిఆర్ అనే గొర్రెలు, మేకల ప్లేగుకైనా, గాలికుంటుకైనా, బొబ్బ రోగానికైనా అది సరైన పనే. నీలి నాలుక వ్యాధిలో మాత్రం దానివల్ల మందకు ఒరిగేది చాలా తక్కువ. ఈ వైరస్ సాధారణంగా ఒక గొర్రె చొంగ నుంచో, చీమిడి నుంచో, కలిసి నీళ్లు తాగిన తొట్టి నుంచో మరో గొర్రెకు అంటదు. ఒక జంతువు రక్తంలోంచి మరో జంతువు రక్తంలోకి దాన్ని మోసుకెళ్లే పురుగు మధ్యలో ఉండాలి. ఆ పురుగు పుట్టే చోటు, అది వైరస్‌ను తెచ్చుకునే జంతువు, రెండూ చాలా ఊళ్లలో గొర్రెల దొడ్డిలో ఉండవు. పక్కనున్న గొడ్ల కొట్టంలో ఉంటాయి.

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో ఉంది: 1.91 కోట్లు. 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండోది. మన దేశంలో నీలి నాలుక 1964లో మహారాష్ట్రలో తొలిసారి నమోదైంది. ఉత్తరాదిలో దీని లక్షణాలు ఎక్కువగా విదేశీ, సంకర జాతి గొర్రెల్లోనే కనిపిస్తుంటే, దక్షిణాదిలో నెల్లూరు, దక్కనీ వంటి మన జాతులే మంచాన పడుతున్నాయి. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడుల్లో ఇది ఏటా ఎక్కడో ఒకచోట లేస్తూనే ఉంటుంది. కొన్నేళ్లు మాత్రం విరుచుకుపడుతుంది.

ఆవగింజంత పురుగు

క్యూలికాయిడిస్ అనే ఈ నుసుము పొడవు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. రైతులు దీన్నీ దోమ అనే అంటారు, పశువైద్యులు కూడా మాట వరసకు అలాగే అంటారు. అందులో తప్పేం లేదు గానీ దోమ అనగానే గుంటల్లో నూనె చల్లడం, నీటి నిల్వలు తీసేయడం గుర్తుకొస్తాయి. ఈ పురుగు మీద ఆ పనులు పెద్దగా పారవు. దోమ నిలవ నీటిలో పెరుగుతుంది. నుసుము పిల్లపురుగు తడి బురదలో, పేడ కలిసిన మట్టిలో, ఆరని పేడకడిలో పెరుగుతుంది. దానికి నీళ్లకంటే తడి, కుళ్లు ముఖ్యం.

ప్రపంచంలో 1,300కు పైగా క్యూలికాయిడిస్ జాతులున్నాయి. నీలి నాలుకను మోసేవి వాటిలో కొద్ది డజన్లే. మన దగ్గర పేరు వినిపించేవి ప్రధానంగా ఆక్సిస్టోమా, ఇమికోలా, పెరిగ్రినస్, బ్రెవిటార్సిస్. బ్రెవిటార్సిస్ ఆవు, గేదె వేసిన పేడకడిలోనే గుడ్లు పెట్టి, అందులోనే పెరిగి బయటికొస్తుంది. ఇమికోలాకు పేడ, మూత్రం ఇంకిన తడి నేల కావాలి. అంటే కుడితి తొట్టి కింద ఎప్పుడూ చెమ్మగా ఉండే జాగా, మూత్రం కాలువ చివర, పెంటకుప్ప అంచు. ఆక్సిస్టోమా చెరువు గట్ల బురదలోనూ, వరి మళ్ల అంచుల్లోనూ పెరుగుతుంది. ఏ ఊళ్లో ఏది ఎక్కువగా ఉందో తెలిస్తే చేయాల్సిన పనీ మారుతుంది. పేడను శుభ్రంగా ఎత్తేసినా ఊరి చుట్టూ వరి మళ్లుంటే ఆక్సిస్టోమా తగ్గదు.

ఏ జాతి ఉందో తెలుసుకోవడం అంత కష్టమైన పని కాదు. 8 వాట్ల అతినీల కాంతి ట్యూబు, కింద ఒక చిన్న ఫ్యాను, దాని కింద నాలుగు చుక్కల సబ్బు కలిపిన నీళ్ల పాత్ర. దీన్నే కాంతి ఎర అంటారు. కొట్టం చూరుకు, నేల నుంచి మనిషి ఎత్తులో వేలాడదీసి పొద్దు గుంకే ముందు పెట్టి తెల్లారాక తీస్తారు. వాన కురిసి గాలి లేని రాత్రయితే గొడ్ల పక్కన పెట్టిన ఎరలో వేలల్లో పడతాయి. రెక్కల మీది బూడిదరంగు మచ్చల అమరికను సూక్ష్మదర్శినిలో చూసి జాతిని పోలుస్తారు. ఆడపురుగు పొట్ట రంగు మరో సమాచారం ఇస్తుంది. ఒకసారి రక్తం తాగి గుడ్లు పెట్టిన ఆడదాని పొట్ట గోడలో ముదురు ఎరుపు రంగు మిగిలిపోతుంది. కొత్తగా పుట్టి ఇంకా రక్తం ముట్టని దాంట్లో ఆ రంగు ఉండదు. వైరస్ ఉండగలిగేది రంగు ఉన్నవాటిలోనే. కాబట్టి ఎరలో మొత్తం ఎన్ని పడ్డాయన్న లెక్కకంటే, రంగున్నవి నూటికి ఎన్నన్న లెక్కే ప్రమాదాన్ని బాగా చెబుతుంది.

పురుగు లోపల జరిగే పది రోజుల ప్రయాణం

ఈ నుసుము నీలి నాలుకను మోస్తుందని 1944లో దక్షిణాఫ్రికాలోని ఆండర్‌స్టెపూర్ట్ పశువైద్య ప్రయోగశాలలో డు టాయిట్ అనే పరిశోధకుడు నిరూపించాడు. మోయడం అంటే సూదికి అంటుకున్న రక్తంలా మూతికి అంటించుకుని వెళ్లడం కాదు. ఆడపురుగు రక్తం తాగినప్పుడు వైరస్ దాని పేగులోకి పోతుంది. పేగు గోడ కణాల్లో పెరిగి, ఆ గోడ దాటి శరీర ద్రవంలోకి వచ్చి, అక్కడి నుంచి లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. అప్పుడే తరవాతి కాటుతో బయటికొస్తుంది. చాలా నుసుముల్లో పేగు గోడ దగ్గరే వైరస్ ఆగిపోతుంది. రక్తంలో వైరస్ ఉన్న జంతువును కుట్టిన ప్రతి పురుగూ వాహకం కాకపోవడానికి కారణం అదే. గోడ దాటినవి మాత్రం బతికినంత కాలం వైరస్‌ను ఉమ్ముతూనే ఉంటాయి. గుడ్ల ద్వారా పిల్లలకు మాత్రం అది పోదు. కొత్తగా పుట్టిన ప్రతి నుసుమూ శుభ్రంగానే పుడుతుంది, వైరస్‌ను ఏదో ఒక జంతువు నుంచి తెచ్చుకోవాల్సిందే.

ఈ ప్రయాణానికి పట్టే సమయం వేడి మీద ఆధారపడుతుంది. 25 నుంచి 30 డిగ్రీల మధ్య దాదాపు 7 నుంచి 10 రోజులు. చల్లబడేకొద్దీ వారాలు పడుతుంది. దాదాపు 12 డిగ్రీలకు దిగితే వైరస్ పెరగడమే ఆగిపోతుంది. పురుగు ఆయుష్షు మాత్రం తక్కువ: రెండు మూడు వారాలు బతికిందంటే గొప్ప. ఒక చిన్న లెక్క వేస్తే వేడి ప్రభావం స్పష్టమవుతుంది. రోజుకు నూటికి 80 బతికి 20 చస్తాయనుకుంటే, 8 రోజులు గడిచేసరికి వందలో 17 మిగులుతాయి. 10 రోజులకు 11. 15 రోజులకు మూడో నాలుగో. వాతావరణం చల్లబడి వైరస్‌కు పట్టే సమయం ఒక వారం పెరిగితే, ప్రమాదకరమైన పురుగులు నాలుగో వంతుకు, ఇంకా తక్కువకు పడిపోతాయి. ఐరోపా శీతాకాలం చేసే ఈ పని మన శీతాకాలం చేయలేదు. హైదరాబాద్ డిసెంబరు రాత్రి ఎంత చల్లబడ్డా పగలు మళ్లీ 28 డిగ్రీలు ఎక్కుతుంది. వైరస్ ప్రయాణం నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. ఏడాది పొడవునా ఎక్కడో ఒక కొట్టంలో ఆవు నుంచి నుసుముకు, నుసుము నుంచి ఆవుకు తిరుగుతూనే ఉంటుంది.

ఆడది మూడు నాలుగు రోజులకోసారి రక్తం తాగుతుంది. అంటే వైరస్ తాగిన తరవాత రెండో, మూడో కాటు నుంచి అది ప్రమాదకరం. వైరస్ నిండిన నుసుము ఒక్కటి ఒక్కసారి కుట్టినా గొర్రెకు జబ్బు రావడానికి సరిపోతుంది. ఇన్ని మెట్లలో ఇన్ని పురుగులు రాలిపోతున్నా జబ్బు ఆగకపోవడానికి కారణం వాటి సంఖ్యే. ఒక్క గొడ్డును ఒక్క రాత్రి వందలు, వేలు కుడుతుంటే నూటికి ఒకటి మిగిలినా చాలు.

మొత్తం కాలక్రమం ఇలా ఉంటుంది. పెద్ద వానలతో నేల తడిశాక గుడ్డు నుంచి రెక్కల పురుగు రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు. ఆ పురుగు వైరస్ ఉన్న పశువును కుట్టి, అది లోపల పండడానికి వారం పది రోజులు. గొర్రెను కుట్టాక జ్వరం వచ్చేందుకు మరో అయిదు నుంచి పది రోజులు. కూడితే మొదటి మంచి వాన నుంచి మొదటి జబ్బు గొర్రె దాకా దాదాపు నెల నుంచి నెలా పదిహేను రోజులు, ఎక్కడైనా ఆలస్యమైతే రెండు నెలలు. తెలంగాణలో జూన్, జులైల్లో పడిన వానకు ఆగస్టు, సెప్టెంబరుల్లో కేసులు మొదలవడం, ఈశాన్య రుతుపవనాల వాన పడే కోస్తా, రాయలసీమల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముదరడం ఈ లెక్కకు సరిపోతాయి. జబ్బు కనిపించాక మొదలుపెట్టిన ఏ నివారణ అయినా కనీసం నెల ఆలస్యమైనట్టే.

గొడ్డుకు జబ్బు లేదు, వైరస్ ఉంది

ఆవుకు, గేదెకు నీలి నాలుక వైరస్ సోకినా చాలావరకు ఏమీ కనిపించదు. మేత తింటుంది, పాలిస్తుంది, జ్వరం వచ్చినా ఎవరికీ తెలియకుండా పోతుంది. కానీ వైరస్ దాని ఎర్ర రక్తకణాలను పట్టుకుని, కణం పొర మడతల్లో ఒదిగి ఉంటుంది. ఒంట్లో తయారైన యాంటీబాడీలు అక్కడికి చేరలేవు. అందుకే గొర్రె రక్తంలో వైరస్ సాధారణంగా రెండు మూడు వారాలుంటే, ఆవు రక్తంలో వారాల తరబడి ఉంటుంది. అంతర్జాతీయ పశువుల వ్యాపారంలో ఈ జబ్బుకు 60 రోజుల అంటు కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారు. జన్యు పరీక్షలో వైరస్ ఆనవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ కాలం కనిపిస్తాయి, కానీ ఆ దశలో నుసుముకు సోకేంత సజీవ వైరస్ ఉండదు.

దీనికి తోడు మన దగ్గరున్న ప్రధాన నుసుములకు గొర్రె కంటే గొడ్డంటేనే మోజు. పెద్ద ఒళ్లు, ఎక్కువ ఊపిరి, ఎక్కువ వాసన. దక్షిణాఫ్రికాలో కొందరు రైతులు దీన్నే అనువుగా మార్చుకుని గొర్రెల పక్కన ఆవులను ఎరగా కట్టేవారు. పురుగులు ఆవుల మీదికి పోతాయి, గొర్రెలు బతుకుతాయి అన్న లెక్క. పురుగులు తక్కువగా ఉన్నప్పుడు ఇది కొంత పనిచేస్తుంది. వాటి సంఖ్య పెరిగాక మాత్రం అదే ఆవు వైరస్ కార్ఖానా అవుతుంది, అక్కడ నిండిన పురుగులు పక్కనే ఉన్న గొర్రెలనూ వదలవు. మన ఊళ్లలో ఒకే చూరు కింద ఒక పక్క రెండు గేదెలు, మరో పక్క తడక కట్టి ఇరవై గొర్రెలు ఉండడం మామూలే. ఈ జబ్బుకు అంతకంటే అనుకూలమైన ఏర్పాటు ఉండదు. మేకలదీ దాదాపు గొడ్ల కథే: సోకుతుంది, పెద్దగా కనిపించదు.

2006 ఆగస్టులో నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీ సరిహద్దుల్లో ఎనిమిదో సీరోటైపు (అంటే ఈ వైరస్‌లో ఎనిమిదో రకం) నీలి నాలుక బయటపడినప్పుడు అక్కడ ఇమికోలా లేనేలేదు. వేడి దేశాల పురుగు లేదు కాబట్టి వేడి దేశాల జబ్బు రాదన్న ధీమా ఒక్క సీజనులో పోయింది. ఉత్తర ఐరోపా పశువుల కొట్టాల్లో, పేడలో పెరిగే స్థానిక నుసుములే దాన్ని మోశాయి. 2008లో భారీ ఎత్తున టీకాలు వేసి గానీ అది తగ్గలేదు. 2023 సెప్టెంబరులో మూడో సీరోటైపుతో నెదర్లాండ్స్‌లో మళ్లీ మొదలైంది. ఫలానా జాతి పురుగు మా దగ్గర లేదన్న మాట మీద ఎవరూ నిశ్చింతగా కూర్చోలేరన్నమాట.

గాలి కూడా ఒక వాహనమే. తనంత తానుగా నుసుము కొన్ని వందల మీటర్లు, మహా అయితే ఒకటి రెండు కిలోమీటర్లు పోతుంది. గాలివాటాన పైకి లేస్తే పదుల, వందల కిలోమీటర్లు, సముద్రం మీదుగా కూడా పోగలదు. అంతకంటే తరచుగా జరిగేది లారీల్లో పశువుల ప్రయాణం. సంతలో కొన్న ఆరోగ్యమైన ఆవు రక్తంలో కొత్త సీరోటైపు వచ్చి దిగినా తెలిసే దారి లేదు. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పొరుగు రాష్ట్రాల నుంచి పెద్ద సంఖ్యలో తెచ్చారు. దూర ప్రయాణం చేసి, మేత మారి, నీరసించిన గొర్రె తనకు పరిచయం లేని సీరోటైపు ఉన్న ఊళ్లో వానాకాలంలో దిగడం ఎంత ప్రమాదమో పై లెక్కలే చెబుతాయి. అలాంటి తరలింపు ఎండాకాలంలో, టీకా రెండు డోసులూ పూర్తయ్యాక జరగాలి.

గొర్రె ఒంట్లో

వైరస్ దాడి చేసేది సన్నని రక్తనాళాల లోపలి పొరను. ఆ పొర చెడితే నాళాల్లోంచి ద్రవం కారి వాపు, రక్తం గడ్డకట్టి కండ చావడం, పుళ్లు. లక్షణాలన్నీ ఈ ఒక్క మూలం నుంచే పుడతాయి. మొదట 41 డిగ్రీల సెల్సియస్ దాకా, కొన్నిసార్లు 42 దాకా జ్వరం. పెదవులు, మూతి, చెవులు, దవడ కింద వాపు. ముక్కు నుంచి మొదట నీళ్లు, తరవాత చిక్కటి చీమిడి, అది ఎండి ముక్కు రంధ్రాల చుట్టూ పొక్కు. చిగుళ్ల మీద, నాలుక అంచున, పై దంతపు దిమ్మె మీద పుళ్లు. నాలుక వాచి నీలిరంగుకు తిరగడం కొద్ది గొర్రెల్లోనే జరుగుతుంది. నాలుక నీలంగా లేదు కాబట్టి ఇది నీలి నాలుక కాదనుకోవడం చాలా మామూలు పొరపాటు. గిట్ట, చర్మం కలిసే చోట ఎర్రటి గీత కనిపిస్తుంది. నొప్పితో గొర్రె వీపు వంచి, ముళ్ల మీద నడిచినట్టు అడుగులేస్తుంది. కొన్నింటికి మెడ ఒక పక్కకు తిరిగిపోతుంది. చూడి గొర్రెలు ఈసుకుపోవచ్చు.

పిపిఆర్‌లో పారుడు ముందుంటుంది, మేకలు కూడా తీవ్రంగా పడతాయి, గిట్టలకు ఏమీ కాదు. గాలికుంటులో గిట్టల మధ్య పొక్కులు, ఊళ్లోని ఆవులు, గేదెలు కూడా చొంగ కారుస్తూ కుంటుతుంటాయి. ఆర్ఫ్ అనే మూతి పుళ్ల జబ్బులో పెదవుల మీద దళసరి పొక్కు, ఎక్కువగా పిల్లల్లో, జ్వరం పెద్దగా ఉండదు. జలగ వ్యాధిలో దవడ కింద వాపుంటుంది గానీ నోట్లో పుళ్లుండవు. గొర్రెలు మాత్రమే మూతి వాచి, కుంటి, పక్కనున్న మేకలు, గొడ్లు బాగున్నాయంటే మొదట అనుమానించాల్సింది నీలి నాలుకనే. చనిపోయిన గొర్రెను కోసినప్పుడు గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే ధమని మొదట్లో రక్తపు మచ్చ కనిపిస్తే అది బలమైన ఆధారం.

వైరస్‌ను చంపే మందు లేదు. అయినా చాలా గొర్రెలు వైరస్ కంటే ఆకలి వల్ల, న్యుమోనియా వల్ల పోతాయి కాబట్టి సంరక్షణతో బతికేవి తక్కువేం కాదు. నీడలో ఉంచాలి, ఎండ తగిలితే మూతి పుళ్లు ముదురుతాయి. మందతో పాటు తోలకూడదు. లేత పచ్చగడ్డి, గంజి, అంబలి మూతి ముందు పెట్టాలి. లేత గులాబీ రంగు వచ్చేలా కలిపిన పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో నోరు కడిగి బోరో గ్లిజరిన్ రాయాలి. ఇక్కడే ఎక్కువ ప్రాణాలు పోతాయి: తినడం లేదని తల ఎత్తి పట్టుకుని గొట్టంతోనో సీసాతోనో అంబలి తాగించడం. నాలుక వాచి, గొంతు కండరాలు పట్టు తప్పిన గొర్రె మింగలేదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయి రెండు రోజుల్లో చస్తుంది. మింగగలుగుతుందో లేదో కొద్ది నీళ్లతో చూసుకుని, తల నేలకు సమంగా ఉంచి, గుక్క గుక్కకు ఆగి పట్టాలి. యాంటీబయాటిక్, నొప్పి తగ్గించే ఇంజెక్షన్ పశువైద్యుడి పని. ప్రతి గొర్రెకూ కొత్త సూది వాడాలి. వైరస్ రక్తంలో ఉన్న మందలో ఒకే సూదితో వరసగా పొడిస్తే మనిషే నుసుము పని చేసిపెట్టినట్టు.

కొట్టంలో చేయాల్సినవి, చేసినా ఫలితం లేనివి

నుసుములు పొద్దు గుంకే వేళకు కొంచెం ముందు మొదలుపెట్టి రాత్రంతా, తెల్లవారుజాము దాకా కుడతాయి. మబ్బు పట్టి, గాలి ఆడని రోజు పగలు కూడా వదలవు. కాబట్టి సీజనులో మందను సూర్యాస్తమయానికి గంట ముందే చేర్చడం మొదటి పని. ఎక్కడ చేర్చాలన్నది దానికంటే ముఖ్యం. గొడ్ల కొట్టానికి, చెరువు గట్టుకు, వరి మళ్లకు కనీసం కొన్ని వందల మీటర్ల ఎడంగా, గాలి ఆడే మెరక నేల మీద దొడ్డి ఉండాలి. గాలి సెకనుకు 3 మీటర్లు దాటితే నుసుము ఎగరలేదు. పల్లంలో, నాలుగు వైపులా కంచె దట్టంగా అల్లిన దొడ్డి గొర్రెను దొంగ నుంచి కాపాడుతుందేమో గానీ గాలిని ఆపేసి పురుగుకు మేలు చేస్తుంది. కరెంటున్న చోట గొర్రెల మీదుగా పెద్ద ఫ్యాను రాత్రంతా తిప్పితే నిజమైన తేడా వస్తుంది.

వరి కోతలయ్యాక ఎరువు కోసం పొలాల్లో మంద కట్టించడం రైతుకు, కాపరికి ఇద్దరికీ లాభం. అది నవంబరు, డిసెంబరుల్లో, తడి ఇంకా ఆరని మళ్లలో జరగడమే చిక్కు. మానమనడం కంటే, ఆ సీజనులో మెట్ట చేలకు ముందు ఒప్పుకుని, తడి మళ్లను నేల నెర్రెలు విచ్చాక పెట్టుకోమనడం జరిగే పని.

పేడ విషయానికొస్తే, పడిన పేడకడి కదలకుండా ఉన్నంత కాలమే బ్రెవిటార్సిస్ అందులో పెరుగుతుంది. రెండు మూడు రోజులకోసారి ఎత్తేసినా, పలచగా చెదరగొట్టి ఎండనిచ్చినా దాని కథ ముగిసినట్టే. పిడకలు కొట్టే ఇళ్లలో ఈ పని అడగకుండానే జరిగిపోతుంది. పెంటకుప్ప లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది కాబట్టి అక్కడ ఏదీ బతకదు. బతికేది అంచుల్లో, పైపొర కింద. వారానికోసారి అంచులను లోపలికి తిరగేసి, పైన పాలిథిన్ పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెడితే చాలు. కుడితి తొట్టి కారుతుంటే సరిచేసి, దాని కింద, మూత్రం కాలువ వెంట ఇసుకో మొరమో పోసి నేల ఆరేలా చేయాలి. కాలువ చివర గుంటలో బురద నిలిస్తే పై శ్రమంతా అక్కడికి మారినట్టే అవుతుంది.

దోమతెర కొని కట్టేవాళ్లకు ఎదురయ్యే నిరాశ ఒకటుంది. మామూలు దోమతెర రంధ్రం మిల్లీమీటరు కంటే పెద్దది, నుసుము అందులోంచి సులువుగా దూరుతుంది. ఆపాలంటే అర మిల్లీమీటరు రంధ్రం కావాలి, అంత సన్నని తెర కట్టిన కొట్టంలో గాలాడక గొర్రెలు ఉడికిపోతాయి. డెల్టామెత్రిన్ అనే పురుగుమందు పట్టించిన తెరను కొట్టం చుట్టూ కొంత ఎత్తు వరకు కట్టడం మధ్యే మార్గం: దూరేవి దూరినా మందు తగిలి చాలావరకు చస్తాయి.

ఒంటి మీద చల్లే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్‌లు వీపున పోస్తే పొట్ట కిందికి, కాళ్లకు సరిగా చేరవు. నుసుము కుట్టేది ముఖం, చెవులు, కాళ్లు, పొట్ట కింద, పొదుగు. సీసా మీద రాసిన పాళ్లలో కలిపి ఆ చోట్లకు పట్టేలా పిచికారీ చేయాలి. వాన పడితే పోతుంది, మళ్లీ చేయాలి. ఆ నీళ్లు చెరువులోకి పోతే చేపలు చస్తాయి. ఇంతకీ ఈ మందును గొర్రెలకే చల్లి పక్కనున్న గేదెలను వదిలేస్తే పని సగంలో వదిలినట్టే, ఎక్కువ పురుగులు తాగేది గేదెల దగ్గరే. ఐవర్‌మెక్టిన్ అనే పరాన్నజీవుల మందు ఇంజెక్షన్‌ను నీలి నాలుకకు ముందు జాగ్రత్తగా చేయించేవారున్నారు. అది వైరస్‌ను ఏమీ చేయదు, పేడలో పిల్లపురుగులను కొంత తగ్గించినా పేడను చెదరగొట్టే పేడపురుగులను కూడా చంపుతుంది. వేపాకు పొగ కాసేపు పురుగును తోలుతుంది. మూసిన కొట్టంలో దట్టంగా పెడితే ఊపిరితిత్తులు దెబ్బతిన్న గొర్రెలకు అది జబ్బు కంటే ముందు ప్రమాదం.

వీటన్నిటితో కాట్లు తగ్గుతాయి, సున్నాకు రావు. ఒక్క కాటు చాలు కాబట్టి టీకా లేకుండా కుదరదు.

టీకా, దాని పరిమితులు

భారత వ్యవసాయ పరిశోధన మండలి అఖిల భారత నీలి నాలుక పథకం కింద తయారైన, చంపిన వైరస్‌తో చేసిన టీకా 2015 నుంచి అందుబాటులో ఉంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ దాన్ని రక్ష బ్లూ పేరుతో తెచ్చింది. అందులో 1, 2, 10, 16, 23 సీరోటైపులున్నాయి. మన దేశంలో ఇప్పటి వరకు ఆనవాళ్లు దొరికిన సీరోటైపులు ఇరవైకి పైనే. వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్ సీరోటైపును నిర్ణయిస్తుంది, ఒకదానికి తయారైన రక్షణ మరోదాని మీద అంతగా పనిచేయదు. ఈ అయిదూ ఎక్కువగా జబ్బు తెచ్చినవి కాబట్టి ఎంచారు. టీకా వేసిన మందలో జబ్బు వచ్చిందంటే టీకా నకిలీదని వెంటనే తేల్చేయక్కర్లేదు, ఈ అయిదింటిలో లేని మరో సీరోటైపు కావచ్చు.

అయితే అంతకంటే ముందు చూడాల్సినవి ఇంకా మామూలు విషయాలు. బూస్టర్ వేశారా? చంపిన వైరస్ టీకా ఒక్క డోసుతో నిలబడదు. మూడు నెలలు దాటిన పిల్లలకు మొదటి డోసు, నెలలోపు బూస్టర్, తరవాత ఏటా ఒకసారి అన్నది సాధారణ క్రమం. అంతకంటే చిన్న పిల్లల్లో తల్లి పాల నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకాను పనిచేయనివ్వవు. ఎప్పుడు వేశారు? రెండు డోసులూ జూన్ వానలకు ముందే పూర్తవ్వాలంటే ఏప్రిల్‌లో మొదలుపెట్టాలి. ఎలా దాచారు? 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండలో పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకట్టినా పాడవుతుందని చాలామందికి తెలియదు. ఐస్ ముక్కలకు సీసా నేరుగా ఆనుకుని ప్రయాణం చేసిన టీకా చూడ్డానికి బాగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. మధ్యలో ఒక మందపాటి గుడ్డో అట్టముక్కో పెట్టాలి. వలస మందలకు బూస్టర్ తప్పిపోవడం పెద్ద సమస్య: మొదటి డోసు ఒక జిల్లాలో, నెల తిరిగేసరికి మంద మరో జిల్లాలో. ఏ తేదీన ఏ టీకా పడిందో రాసిన కార్డు కాపరి దగ్గర ఉంటే అక్కడి పశువైద్యుడు రెండో డోసు వేయగలడు.

ప్రాణమున్న బలహీన వైరస్ టీకాలను దక్షిణాఫ్రికా దశాబ్దాలుగా వాడుతోంది. చవక, ఒక్క డోసు బలంగా పనిచేస్తుంది. అయినా వాటితో వచ్చే చిక్కును మన దేశం పరోక్షంగా చూసింది. ఇక్కడ దొరికిన పదో సీరోటైపు వైరస్ జన్యుక్రమం అమెరికాలో వాడే టీకా వైరస్‌తో దాదాపు ఒకటే. ఈ వైరస్ జన్యువు పది ముక్కలుగా ఉంటుంది. ఒకే ఆవులోనో ఒకే నుసుములోనో రెండు వైరస్‌లు కలిస్తే పేకముక్కలు కలిపినట్టు ఆ ముక్కలు కలగలిసి కొత్త రకం పుట్టవచ్చు. నుసుము టీకా వేసిన గొర్రెకు, వేయని ఆవుకు తేడా చూడదు, ప్రాణమున్న టీకా వైరస్‌ను కూడా అలాగే మోసుకెళ్తుంది. చూడి గొర్రెకు వేస్తే కడుపులోని పిల్ల మెదడు దెబ్బతినే ప్రమాదం వేరే. మన దగ్గర చంపిన వైరస్‌ను ఎంచడానికి బలమైన కారణాలే ఉన్నాయి.

ఏ సీరోటైపు తిరుగుతోందో తెలిస్తేనే టీకాలో ఏవి ఉండాలో తేలుతుంది, అది జబ్బు మందల నుంచి వచ్చే నమూనాల మీదే ఆధారపడుతుంది. ఇక్కడ నమూనా తీయడంలోనే సగం పాడవుతుంది. పుళ్లు మాని, జ్వరం దిగాక తీసిన రక్తంలో వైరస్ దొరకడం కష్టం. జ్వరం 41 డిగ్రీలున్న రోజున, ఇంకా మూతి పూర్తిగా వాచని గొర్రె నుంచి తీయాలి. రక్తం గడ్డకట్టకుండా ఇడిటిఎ ఉన్న గొట్టంలో 5 మిల్లీలీటర్లు తీసి, 4 డిగ్రీల చల్లదనంలో పంపాలి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే రక్తకణాలు పగిలి, వాటిని పట్టుకునున్న వైరస్‌ను సజీవంగా పెంచడం కష్టమవుతుంది. చనిపోయిన గొర్రె నుంచి ప్లీహం, శోషరస గ్రంథులు. సీరం పంపి, యాంటీబాడీలను వెతికే ఎలైసా పరీక్షలో పాజిటివ్ వచ్చిందని నీలి నాలుక అని తేల్చేస్తే అది ఈ ప్రాంతంలో ఏమీ చెప్పనట్టే. ఎప్పుడో సోకి తగ్గిన గొర్రెల్లోనూ, టీకా వేసినవాటిలోనూ యాంటీబాడీలు ఉంటాయి. ఇప్పుడున్న జబ్బుకు వైరస్ జన్యువును వెతికే ఆర్‌టి-పిసిఆర్ పరీక్ష కావాలి, సీరోటైపుకు దాని మీద మరో పరీక్ష. హైదరాబాద్ శాంతినగర్‌లోని పశువుల టీకాల, పరిశోధన సంస్థకో, బెంగళూరులోని జాతీయ పశురోగ సంస్థ (NIVEDI)కో స్థానిక పశువైద్యుడి ద్వారా పంపేటప్పుడు, గొట్టం మీద గొర్రె గుర్తుతో పాటు జ్వరం మొదలైన తేదీ, మందకు చివరి టీకా తేదీ, పక్క కొట్టంలో గొడ్లు ఎన్ని ఉన్నాయో కూడా రాయాలి. వీలైతే ఆ గొడ్లలో రెండు మూడింటి రక్తం కూడా తీసి అదే పెట్టెలో పెట్టాలి, అవి ఎంత ఆరోగ్యంగా కనిపించినా సరే.